చక్కెర లెక్క – ఇంటిల్లిపాది లెక్క



ఒక శుక్రవారము ఉపవాస ప్రార్థనలో జరిగిన సంగతితో ఈ వ్యాసము మొదలుపెట్టుచున్నాము. మాది అచ్చంపేట దగ్గరి పల్లె. మా అమ్మకు షుగరు వ్యాధి ఉన్నదని తెలిసి అప్పటికి ఆరేండ్లు. డాక్టరు వ్రాసిన మాత్ర ఒక్క పూట కూడా తప్పించే మనిషి కాదు. ఆ శుక్రవారము కూడా పొద్దున్నే మాత్ర వేసుకున్నది. ఉపవాసము గనుక అన్నము మాత్రము ముట్టలేదు.

పదకొండు గంటల వేళ, పాట పాడుచు మధ్యలో ఆగిపోయినది. చీర తడిసేటంత చెమట. చేతులు వణుకుచున్నవి. "ఏమైందత్తమ్మా?" అని కోడలు అడిగితే సంబంధము లేని మాట ఏదో చెప్పినది. ఒకరు ఎండదెబ్బ అన్నారు. ఒకరు నీరసమన్నారు. ఇంకొకరు, "షుగరు పెరిగినట్టున్నది, తీపి మాత్రం ఇయ్యకుండ్రి" అన్నారు. ఆ మాట విని ఉంటే మా అమ్మ మాకు దక్కేది కాదేమో.

కూటములో ఉన్న ఏ.ఎన్.ఎం. అక్క పరుగున వెళ్లి, ఇంటి నుండి షుగరు చూసే మిషను తెచ్చినది. వేలు గుచ్చి చూస్తే 48. "పెరగలేదు, పడిపోయింది. చక్కెర తెండి" అన్నది. మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించాము. పావుగంట తరువాత 82 చూపినది. అమ్మ కండ్లు తెరిపిన పడి, "నేనేడున్న?" అని అడిగినది. అప్పుడు అయ్యగారు దగ్గరుండి రెండు ఇడ్లీలు తినిపించి, "అమ్మా, ఈ పూట నీ ఉపవాసము ముగిసినది" అన్నారు.

మందిరములో ఉన్నవారందరము అమ్మ క్షేమము కోరినవారమే. అయినను షుగరు పెరిగినదా, తగ్గినదా అని కండ్లతో చూచి ఎవ్వరమూ చెప్పలేకపోయాము. ఆనాటి నుండి మా ఇంటిలో ఒక నియమము పెట్టుకున్నాము: షుగరును ఊహించము; చూస్తాము, వ్రాస్తాము. ఆ నియమము మాకు నేర్పిన సంగతులు మీతో పంచుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మన పల్లెలకు ఎట్లా వచ్చినది?

"షుగరు పట్నపు రోగము, కూర్చుని తినేవారి రోగము" అని మన పెద్దలు అనేవారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాటి ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉన్నది. ఇంకను 13 కోట్లకు పైగా ప్రజలు దాని గడప దగ్గర నిలిచి ఉన్నారు. పట్టణములలో ఎక్కువే గాని, పల్లెలకు కూడ అది బాగా వ్యాపించినది.

మన పాలమూరు పెద్దల తిండి గుర్తు చేసుకోండి. పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న రొట్టె. వరి అన్నము పండుగకో, చుట్టము వస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పేదవాడి ఆకలి తీరినది. అది చిన్న మేలు కాదు. అయితే మెల్లగా మూడు పూటలా అన్నమే అయినది. 2025 ఉగాది నుండి రేషను దుకాణములలో సన్న బియ్యము ఇచ్చుచున్నారు. తిండి మారినది. పని కూడ మారినది. నాగలి స్థానములో ట్రాక్టరు, నడక స్థానములో ఆటో, మోటారు సైకిలు వచ్చినవి. వీటికి తోడు తల్లిదండ్రుల నుండి వచ్చే గుణము, పెరిగిన నడుము కొలత, నిద్రలేమి కూడ కారణములే. కావున షుగరు వచ్చినవారిని "ఏమి తిన్నావో, అనుభవించు" అని నిందించుట న్యాయము కాదు.

మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో కలుస్తుంది. ఆ చక్కెర కండరములలోనికి వెళ్లుటకు ఇన్సులిను అను తాళపుచెవి కావలెను. దానిని తయారు చేసేది కడుపులోని క్లోమ గ్రంథి. తాళపుచెవులు చాలకపోయినా, తాళములు తుప్పు పట్టినట్లు మొరాయించినా, చక్కెర రక్తములోనే మిగిలిపోవును. నొప్పి ఉండదు. అందుకే ఏండ్ల తరబడి తెలియకుండా లోలోపల రక్తనాళములను, కండ్లను, మూత్రపిండములను, నరములను చెడగొట్టును. "నాకు బాగానే ఉన్నది" అను మాట షుగరు విషయములో సాక్ష్యము కాదు.

తెలుసుకొనవలసిన అంకెలు

పరగడుపున, అనగా రాత్రి భోజనము తరువాత కనీసము ఎనిమిది గంటలు ఏమీ తినక చేసిన రక్తపరీక్షలో 100 లోపు ఉంటే మంచిది. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126, ఆ పైన ఉంటే, మరల పరీక్ష చేసి షుగరు వ్యాధి అని డాక్టరు నిర్ధారించును. ఇప్పటికే వ్యాధి ఉన్నవారు సాధారణముగా పరగడుపున 80–130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంచుకొనవలెను. పెద్ద వయస్సువారికి, గుండె జబ్బు ఉన్నవారికి, తరచుగా షుగరు పడిపోయేవారికి డాక్టరు ఈ హద్దులు కొంచెము సడలించవచ్చును. మీ హద్దు ఏదో మీ డాక్టరును అడిగి, పుస్తకము మొదటి పేజీలో వ్రాసుకోండి.

30 ఏండ్లు నిండినవారికి బి.పి., షుగరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది ఉచితముగా చేస్తారు. ఆశా కార్యకర్త మీ గడపకు వచ్చినప్పుడు "మాకేమి రోగము లేదు" అని పంపివేయకండి. ఏ రోగమూ లేదని తేలితే అంతకంటె శుభవార్త ఏమున్నది!

చూసే పద్ధతి

మిషను కొనగానే సరిపోదు. మేము మొదట చేసిన పొరపాట్లు చాలా ఉన్నవి. ఒకనాడు అమ్మకు 290 చూపినది. ఇల్లంతా కంగారుపడ్డాము. తీరా చూస్తే అంతకు ముందే మనుమడికి మామిడిపండు కోసి పెట్టినది. వేలికి అంటిన రసమే ఆ లెక్క. సబ్బుతో కడిగి, తుడిచి చూస్తే 164.

కాబట్టి ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. వేలి కొసన గాక, ప్రక్కన గుచ్చితే నొప్పి తక్కువ. రోజుకొక వేలు మార్చండి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి. తేమ తగిలితే, గడువు దాటితే లెక్క తప్పును. ఒకరికి గుచ్చిన సూది మరొకరికి వాడనే కూడదు. సొంత అన్నదమ్ములైనా సరే. వాడిన సూదులను చెత్తలో పారవేయక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండిన తరువాత ఆరోగ్య కేంద్రములో ఇవ్వండి.

ఎన్నిసార్లు చూడవలెను? ఇన్సులిను తీసుకొనువారు రోజూ, డాక్టరు చెప్పిన వేళలలో చూడవలెను. మాత్రలతో నడుచువారికి రోజూ అవసరము ఉండకపోవచ్చును. స్ట్రిప్పులు డబ్బుతో పని. అందుకే మా డాక్టరు వారానికి మూడుసార్లు చాలునన్నారు. కాని ఒకే వేళలో కాదు. ఒకనాడు పరగడుపున, ఒకనాడు మధ్యాహ్న భోజనము మొదటి ముద్ద నుండి రెండు గంటలకు, ఒకనాడు రాత్రి భోజనము తరువాత రెండు గంటలకు. ఇవి గాక, ఒంట్లో తేడా అనిపించిన ప్రతిసారి చూడవలెను.

పుస్తకము చెప్పిన సంగతి

మనుమరాలి పాత రూళ్ల నోటుబుక్కులో నాలుగు గడులు గీసినాము: తేదీ–వేళ, అంకె, తిన్నది, మాత్ర. అమ్మకు చదువు రాదు. అంకె చదివి వ్రాసే పని ఆరవ తరగతి మనుమరాలిది. "నానమ్మా, ఇయ్యాల ఎంతొచ్చిందో తెల్సా?" అని ఆ పిల్ల అడుగుట మా ఇంటిలో ఒక ముచ్చట అయినది.

నెల తిరిగేసరికి ఆ పుస్తకము మాకు తెలియని సంగతి చూపినది. పరగడుపున 110, 118, 122. మధ్యాహ్నము తరువాత 240, 256, 248. అంతకు ముందు ఆసుపత్రిలో ఎప్పుడూ పరగడుపు పరీక్షే చేయించి, "బాగున్నది" అనుకొని వచ్చేవారము. చిక్కు అంతా మధ్యాహ్నపు కంచములో ఉన్నది.

అమ్మ మధ్యాహ్నము పెద్ద కంచము నిండా అన్నము, దానిలో పలుచని చారు తినేది. దానిని మార్చినాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడ ఇదే: కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. మిగిలిన సగములో ధాన్యము, పప్పు వంటివి. ఇప్పుడు అమ్మ ముందు కూర, పప్పు తిని, ఆ తరువాత ఒక గిన్నె అన్నము తినుచున్నది. తిన్న వెంటనే మంచము ఎక్కక వాకిట్లో పదిహేను నిమిషములు నడుచుచున్నది. రెండు నెలలలో మధ్యాహ్నపు అంకె 170–190 మధ్యకు దిగినది.

"అన్నము మాని జొన్న రొట్టె తింటే షుగరు రాదు కదా?" అని చాలామంది అడుగుదురు. జొన్నలో పీచు ఎక్కువ, మంచిదే. కాని రొట్టె కూడ చక్కెరగానే మారును. రెండు రొట్టెలకు, ఐదు రొట్టెలకు లెక్క వేరు. మీ పుస్తకమే చెప్పును, చూసుకోండి.

మన ప్రాంతపు తిండి విషయములో మరి కొన్ని మాటలు. పల్లీలు గుప్పెడు తినవచ్చును. బెల్లముతో చేసిన పల్లి పట్టీలు వద్దు. బెల్లము చక్కెర కాదనుకొనుట భ్రమ. నల్లమల తేనె అడవిలో దొరికినదైనా తీపే. చెంచు సోదరులు ఎంత కష్టపడి తెచ్చినదైనా రక్తములో అది చేసే పని అదే. సీతాఫలములు పాలమూరుకు పెట్టింది పేరు. బాలానగర్ రకము దేశమంతా పేరుపొందినది. చిన్న పండు ఒకటి తిని, ఆ పూట అన్నము తగ్గించుకోండి. బుట్ట ముందు పెట్టుకొని కూర్చోవద్దు.

షుగరు పడిపోతే

70 కంటె తగ్గితే అపాయము మొదలైనట్టే. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, కండ్లు మసకబారుట, తిక్కతిక్కగా మాట్లాడుట, ఉన్నట్టుండి కోపము – ఇవి గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషములు ఆగి మరల చూడండి. ఇంకను 70 లోపే ఉంటే మరల ఇవ్వండి. తేరుకొన్న తరువాత ఏదైన తినిపించండి. మిషను దగ్గర లేకపోతే, అనుమానము ఉన్నప్పుడు చక్కెరే ఇవ్వండి. కొంచెము పెరిగిన షుగరు ఆ గంటలో ప్రాణము తీయదు. పడిపోయిన షుగరు తీయగలదు.

స్పృహ లేనివారి నోటిలో నీళ్లు గాని చక్కెర గాని పోయకండి; ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయండి. అడవి అంచు పల్లెలకు బండి వచ్చేసరికి ఆలస్యము కావచ్చును. కనుక తొలి గుర్తులలోనే పట్టుకొనుట మన చేతిలో ఉన్న పని.

గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిను తీసుకొనువారికి ఈ ప్రమాదము ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి అరుదు. మా అమ్మ ఆనాడు వేసుకున్నది మొదటి రకము. కావున ఉపవాసము ఉండదలచినవారు ముందుగా డాక్టరును అడగండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకొనవలెనో, అసలు ఉండవచ్చునో లేదో వారు చెప్పుదురు. ఉపవాసము నడుమ షుగరు 70కి తగ్గితే ఆ క్షణమే విరమించవలెను. ఆనాటి నుండి మా సంఘములో ప్రార్థనకు కూర్చొనుటకు ముందే అయ్యగారు, "షుగరు మాత్రలు వేసుకొనేవారు ఎవరెవరు?" అని అడిగి, వారు పండో, అన్నమో తిని ప్రార్థించవచ్చునని చెప్పుచున్నారు. మందిరపు బీరువాలో ఒక గ్లూకోజు డబ్బా కూడ ఉంచినారు.

జ్వరము, విరేచనములు వచ్చినప్పుడు

ఒంట్లో బాగా లేనప్పుడు తినకపోయినా షుగరు పెరగవచ్చును. "తినలేదు కదా" అని ఇన్సులిను తమంతట తాము మానివేయువారు అపాయములో పడుదురు. నీళ్లు ఎక్కువగా తాగుచు, తరచుగా షుగరు చూచుచు, ఏ మందు ఎంత వేయవలెనో డాక్టరును అడగండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము, మత్తు, ఊపిరిలో పండిన పండు వంటి వాసన – ఇవి కనిపిస్తే తెల్లవారేదాక ఆగకండి.

ఇన్సులిను అనగానే "ఇక ఆఖరి మందు" అని మన పల్లెలలో భయము. నిజము వేరు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో చావుకు దగ్గరైన 14 ఏండ్ల బాలుడు లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఇన్సులిను ఇచ్చినారు. అంతకు ముందు ఆ రకము షుగరు వచ్చిన పిల్లలు బ్రతికేవారు కారు. దానిని కనుగొన్న బాంటింగ్, ఆయన తోటివారు తమ హక్కును ఒక్కొక్క డాలరుకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసినారు. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినముగా జరుపుచున్నారు. అది ఆఖరి మందు కాదు, బ్రతికించే మందు. ఫ్రిజ్జు ఉన్నవారు తలుపు అరలో ఉంచండి, గడ్డకట్టే అరలో వద్దు. ఫ్రిజ్జు లేనివారు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడపట్టున ఉంచండి. మన ఎండాకాలములో సైకిలు సంచిలో, ఆటో అద్దము దగ్గర ఉంచిన ఇన్సులిను చెడిపోవును.

ఏడాదిలో చేయించవలసినవి

ఇంటి మిషను ఆ గడియలోని లెక్క చెప్పును. హెచ్‌బిఎ1సి అను పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటు చెప్పును. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు బ్రతుకును. అన్ని దినములలో దానికి అంటిన చక్కెరను ఈ పరీక్ష కొలుచును. అందుకే పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుండి డాక్టరును మెప్పించుట దీనితో కుదరదు! చాలామందికి ఇది 7 లోపు ఉండవలెను. 7 అనగా సగటున 154 షుగరు. 8 అనగా 183. ఏడాదికి కనీసము రెండుసార్లు చేయించండి.

కండ్లను ఏడాదికొకసారి చుక్కల మందు వేయించి లోపలి పొర చూపించండి. చూపు బాగున్నప్పుడే చూపించవలెను. మసకబారిన తరువాత పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చును. మూత్రములో ఆల్బుమిను, రక్తములో క్రియాటినిను పరీక్షలు ఏడాదికొకసారి. బి.పి. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారి.

ఇక పాదములు. పత్తి చేనులో, పల్లి చేనులో వట్టి కాళ్లతో నడిచేవారము మనము. నరములు మొద్దుబారినవారికి ముల్లు దిగినా తెలియదు. పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చిన కుటుంబములు మనకు తెలియనివి కావు. రాత్రి పడుకొనే ముందు పాదములు చూసుకోండి. అరికాలు కనబడకపోతే అద్దము పెట్టండి, లేదా పిల్లలతో చూపించండి. చెప్పులు లేకుండా గడప దాటకండి. వేడినీళ్లు కాలితో గాక మోచేతితో చూచి పోసుకోండి. చిన్న పుండుకైనా పసుపు, సున్నము పెట్టి కూర్చోక ఆసుపత్రికి వెళ్లండి.

మాత్ర ఆపే ముందు

మన ప్రాంతము నుండి హైదరాబాదుకు, పూణేకు, ముంబయికి కూలికి వెళ్లేవారు చాలామంది. అక్కడ మాత్రలు అయిపోతే, "మళ్లీ ఊరికి పోయినప్పుడు చూద్దాం" అని ఆపివేయుదురు. వెళ్లేటప్పుడు నెల మాత్రలు, మందుల చీటీ, ఈ నోటుబుక్కు మూట కట్టుకొని వెళ్లండి. ఆ చీటీ చూపితే ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా డాక్టరుకు సంగతి తెలియును.

ఆకురసము తాగి, పొడి వాడి "షుగరు పూర్తిగా పోయింది" అని చెప్పేవారు వస్తే వారితో వాదించవద్దు. మిషను తీసి చూడండి. ప్రార్థన చేసితిమి గనుక మాత్ర అక్కరలేదని అనుకొనేవారికి కూడ అదే మా మనవి. ప్రార్థన మానకండి; మాత్రయు మానకండి. అంకె తగ్గితే మాత్ర తగ్గించవలెనా అని చెప్పేది డాక్టరు.

ఇంటిల్లిపాదికి ఒక మాట

షుగరు ఒకరికి వచ్చినా, దానిని అదుపులో ఉంచేది ఇల్లంతా. అమ్మకొక్కతెకే కొర్రలు వండి, మిగిలినవారు తీపి తినుచు కూర్చుంటే ఆ నియమము నాలుగు రోజులు నిలువదు. అందరికీ ఒకే కంచము, ఒకే కూర. అట్లే చుట్టముగా వచ్చినవారిని "ఒక్క లడ్డూకు ఏం కాదు" అని బలవంతము చేయకండి. సంఘ దర్శనమునకు వచ్చిన అయ్యగారు పది ఇండ్లు తిరిగితే పది చాయలు తాగవలసి వచ్చును! "చక్కెర వేయమంటారా?" అని ముందే అడిగితే ప్రేమ తగ్గదు. క్రిస్మసు ప్రేమవిందులో కేకు ప్రక్కన జామకాయ ముక్కలు, ఉడికించిన శనగలు కూడ పెట్టుదము.

మా అమ్మ ఇప్పటికీ శుక్రవారము మందిరమునకు వెళ్లుచున్నది. పొద్దున తిని, మాత్ర వేసుకొని, కొంగున నాలుగు గ్లూకోజు బిళ్లలు ముడి వేసుకొని వెళ్లుచున్నది. నోటుబుక్కు మూడవది నడుచుచున్నది. మొన్న అంకె 212 వచ్చినప్పుడు మనుమరాలు ముఖము చిన్నబుచ్చుకుంటే, అమ్మ నవ్వి, "భయమెందుకే? తెలిసింది కదా. రాసిపెట్టు, రేపు సరిచేసుకుందాం" అన్నది.

అంకె మనకు వేసిన శిక్ష కాదు, దారి చూపు రాయి. ఈ వారమే మీ ఇంటిలో 30 దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయించండి. షుగరు ఉన్నవారు ఒక నోటుబుక్కు తెరవండి. వ్రాయుటకు ఇంటిలోని చిన్న పిల్లను ప్రక్కన కూర్చోబెట్టుకోండి.